మిద్దె మీద మొక్కలు, పక్కనే రంగుల డబ్బా

"రెండిటికీ టైమ్ ఎక్కడ దొరుకుతుందండీ మీకు" అని అడుగుతుంటారు తెలిసినవాళ్ళు. మిద్దె నిండా కుండీలు, ఇంట్లో ఎక్కడ చూసినా సగం సగం వేసిన బొమ్మలు, మధ్యలో ఆఫీసు, వంట, పిల్ల స్కూలు. నిజం చెప్పాలంటే రెండిటికీ వేరువేరుగా టైమ్ పెట్టుకోవాలంటే నా వల్ల కాదు, ఏదో ఒకటి ఎప్పుడో అటకెక్కేసేది. రెండూ ఒకే చోట, ఒకే గంటలో చేస్తున్నాను కాబట్టే రెండూ ఇంకా నడుస్తున్నాయి.

వాటర్ కలర్ వేసేవాళ్ళకి తెలుసు, అందులో సగం పని ఊరికే కూర్చోవడమే. మొదటి వాష్, అంటే నీళ్ళు ఎక్కువ కలిపిన పల్చటి రంగు పూత, వేశాక ఆరేదాకా కాగితం జోలికి వెళ్ళకూడదు, తడి మీద మళ్ళీ బ్రష్ పెట్టామా మరకలు మరకలుగా విచ్చుకుంటుంది, ఇంక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. తోటలోనూ అంతే కదా, నీళ్ళు పోసి ఇంకేదాకా ఆగాలి, విత్తనం వేసి మొలిచేదాకా ఆగాలి. సో నేను చేసేదేంటంటే, వాష్ ఆరేలోపు కాకర తీగకి పురికొస కడతా, పండుటాకులు గిల్లుతా, పిండినల్లి ఎక్కడైనా కనిపిస్తే పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్ళు పెట్టి రుద్దుతా, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కాగితం రెడీగా ఉంటుంది. మందార ఆకు మీదా టూత్‌బ్రష్షే, బొమ్మలో సన్న చినుకులు చిలకరించడానికీ టూత్‌బ్రష్షే, రెండూ కలిసిపోకుండా ఒకదానికి ఎర్ర దారం కట్టి పెట్టుకున్నా.

దీనికి హైదరాబాద్ ఎండని బట్టి ఒక లెక్క ఉంటుంది. మే నెలలో పొద్దున ఆరున్నర దాటాక మిద్దె మీద వాటర్ కలర్ వేయడం శుద్ధ దండగ, బ్రష్ నీళ్ళలో ముంచి మళ్ళీ కాగితం దగ్గరికి వచ్చేలోపు వేసింది ఆరిపోయి అంచులు గట్టిగా గీత కొట్టినట్టు మిగిలిపోతాయి. అప్పుడు కాగితం వెనక వైపు కూడా తడిపి ప్లాస్టిక్ అట్ట మీద పరుచుకుంటే కాస్త టైమ్ దొరుకుతుంది. జులై ఆగస్టుల్లో ముసురు పట్టిందా, రివర్సు, వేసిన వాష్ మధ్యాహ్నానికి కూడా తడిగానే ఉంటుంది, కాబట్టి ఆ రెండు నెలలూ నాకు పెన్సిలు, నల్ల ఇంకు పెన్నే గతి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం స్వర్గం, మొక్కలకీ నాకూ కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. బొమ్మలు వేయడం వల్ల నా తోటపని మారింది, ఇది నేను గట్టిగా చెప్పగలను. ఎందుకంటే ఫోన్‌లో ఫోటో తీస్తే మొక్కని చూడం, ఫోన్ చూస్తుంది అంతే. గీయాలంటే ఆ ఆకు కాండానికి ఎక్కడ అతుక్కుంది, ఎదురెదురుగా ఉన్నాయా మార్చి మార్చి ఉన్నాయా, అంచు రంపంలా ఉందా నున్నగా ఉందా, ఇవన్నీ చూడక తప్పదు. కాకర పూలు గీస్తున్నప్పుడే ఆడపువ్వు మగపువ్వు తేడా నాకు బాగా ఎక్కింది. ఆడపువ్వు వెనకాల అప్పటికే గరుకు గరుకుగా బుల్లి కాకరకాయ ఉంటుంది, మగపువ్వుకి ఉత్త సన్న కాడ. మొదట కొన్నాళ్ళు మగపూలే వస్తాయి, పిందె కట్టట్లేదని కంగారు పడక్కర్లేదు. ఇది ఏ తోటల వీడియోలో అయినా చెప్తారు, కానీ చేత్తో గీసినాక ఇక మర్చిపోయే ప్రసక్తే లేదు.

కరివేపాకు సంగతి ఇంకా బావుంటుంది. దానికి ఆకులు పసుపెక్కుతున్నాయని ఓ రోజు గీయడం మొదలుపెట్టా, గీస్తుంటే కనబడింది, ముదురాకులు బాగానే ఉన్నాయి, పైన వస్తున్న లేతాకులే పసుపు, అదీ ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్య మధ్య ఖాళీలు పసుపు. అంటే అది ఇనుము అందట్లేదని గుర్తు. అదే కింద ముదురాకులు మొత్తంగా పసుపెక్కి రాలిపోతుంటే నత్రజని తక్కువని అర్థం. దూరం నుంచి చూస్తే రెండూ "ఆకులు పసుపెక్కాయి"యే. మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే "పుల్లమజ్జిగ పొయ్యవే, దానికింత బొమ్మలెందుకు" అంది. పుల్లమజ్జిగ పోశా, ఆ పులుపుకి మట్టిలో ఉన్న ఇనుము వేళ్ళకి అందుబాటులోకి వస్తుంది అంటారు, దాంతోపాటు నర్సరీలో ఇచ్చిన ఐరన్ చీలేట్ (వేళ్ళకి తేలిగ్గా అందే ఇనుము మందు) కూడా పోశా, ఏది పనిచేసిందో మా అమ్మ దగ్గర మాత్రం మజ్జిగే అని ఒప్పేసుకున్నా.

తోట డైరీ రాయమని అందరూ చెప్తారు, నేను ఎన్నిసార్లు మొదలుపెట్టినా మాటలతో రాసింది ఎప్పుడూ రెండో పేజీ దాటలేదు. బొమ్మల డైరీ మాత్రం నిండుతోంది. విత్తనం వేసిన రోజు ఓ మూల తేదీ, మొలకెత్తాక ఆ మొదటి రెండాకులు, పక్కన ఏ కుండీ ఏ మట్టి అని ఒక ముక్క. మొలకల్లో మొదటి జత ఆకులు అసలాకుల్లా ఉండవు కదా, వంగ మొలక, మిరప మొలక, టమాటా మొలక అన్నీ ఒకేలా సన్నగా కోలగా ఉంటాయి, లేబుల్ ఎగిరిపోతే ఏది ఏదో తెలీదు. ఇప్పుడు పాత పేజీ తిప్పి పోల్చి చూసుకుంటా. పేజీల మీద మట్టి వేలిముద్రలు, టీ మరకలు ఉంటాయి, అందంగా ఉండాలన్న పట్టింపు పెట్టుకోలేదు, పెట్టుకుంటే వెయ్యలేం.

ఆకుపచ్చ గురించి ఒక మాట. కొత్తగా బొమ్మలు మొదలుపెట్టినవాళ్ళు ట్యూబులో ఉన్న పచ్చరంగు తీసి అలాగే పులిమేస్తారు, ఆకు కాస్తా ప్లాస్టిక్ ఆకులా తయారవుతుంది. మన తోటలో ఒక్క పచ్చ ఉందా చెప్పండి. అరటాకు వెనక నుంచి ఎండ పడితే నిమ్మపండు పసుపులోకి పోతుంది, గోంగూర కాడ దగ్గర ఎరుపు తిరుగుతుంది, తోటకూర ఒకటి పచ్చ ఒకటి ఎరుపు, మామిడి చిగురైతే ముందు రాగి రంగులో వచ్చి తర్వాత మెల్లగా పచ్చబడుతుంది. నేను అల్ట్రామెరైన్ నీలంలో పసుపు కలిపి, మరీ మెరిసిపోతుంటే చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు) వేస్తా, దాంతో తొంభై శాతం ఆకులు వచ్చేస్తాయి. ఖరీదైన రంగులేం కాదు, పిల్లల స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ట్యూబులే. డబ్బు పెట్టాల్సింది కాగితం మీద, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కి తక్కువైతే తడిపితే అప్పడంలా లేచిపోతుంది.

ఇంకోటి ఎవరూ చెప్పరు, గ్రీన్ నెట్. ఎండాకాలం మొక్కల కోసం మిద్దె మీద షేడ్ నెట్ కట్టుకుంటాం కదా, దాని కింద కూర్చుని బొమ్మ వేస్తే తెల్ల కాగితం కూడా లేత పచ్చగా కనిపిస్తుంది, మన కన్ను దానికి అలవాటు పడిపోయి అదే తెలుపు అనుకుంటుంది. ఆ లెక్కలో కలిపిన రంగు కిందికి తీసుకెళ్ళి ట్యూబ్‌లైట్ కింద చూస్తే పువ్వంతా ఎర్రెర్రగా ఉంటుంది. అందుకే నేను ఓ మూల కొంచెం మేర నెట్ కట్టకుండా వదిలేశా, అక్కడ ఎండకి తట్టుకునే టేబుల్ రోజ్, కలబంద లాంటివి పెట్టి మధ్యలో స్టూల్ వేసుకున్నా.

పూలయితే టైమ్ ఇవ్వవు. టేబుల్ రోజ్ ఎండెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. బెండపువ్వు, లేత పసుపులో మధ్యన ముదురు మెరూన్ బొట్టు ఉంటుందే, అది పొద్దున పూసి ఆ పూటకే అయిపోతుంది, మర్నాటికి ఉండదు. బీరపువ్వు, సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. చంద్రకాంత నాలుగు నాలుగున్నర దాటితే గానీ కళ్ళు తెరవదు, ఒకే చెట్టుకి పసుపు, గులాబీ, రెండూ కలిసిన చారలు కూడా వస్తాయి దానికి. ఆఫీసు ఉన్న రోజు సాయంత్రం పూలే, ఆదివారమైతే పొద్దుటి పూలు, నా బొమ్మల పుస్తకంలో ఏ వారం ఏం జరిగిందో పూలని చూసి చెప్పేయొచ్చు.

బ్రహ్మకమలం రాత్రి పూస్తే మాత్రం ఆ కథ వేరు. మొగ్గ పొద్దున్నే పైకి లేచి ఉబ్బిందంటే ఆ రాత్రికే పూస్తుందని అర్థం. తొమ్మిది దాటాక మొదలై అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి మెడ వాల్చేస్తుంది. నేను ఎమర్జెన్సీ లైటు, కాగితం, రంగులు అన్నీ సర్దుకుని కూర్చున్నా, ఇంతలో మా ఓనర్ ఆంటీ పసుపు కుంకుమ అగరొత్తులతో వచ్చారు, వాళ్ళ వెనక పక్కింటివాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళ చుట్టాలు, అందరూ సెల్ఫీలు. తెల్ల పువ్వుని తెల్ల కాగితం మీద వేయాలంటే పువ్వుని వెయ్యకూడదు, చుట్టూ ఉన్న చీకటిని వెయ్యాలి, ఆ చీకటి వేస్తుంటే ఒకాయన నా భుజం మీంచి చూసి "పువ్వెప్పుడు వేస్తారండీ" అని అడిగాడు. "మీరు ఫ్లాష్ ఆపితే వేస్తానండీ" అన్నా.

మా ఓనర్ ఆంటీది వరంగల్ వైపు. ఆవిడకి నా పద్ధతి మీద ఒకటే కంప్లైంట్, కాయలు తెంపను అని. బెండకాయ పువ్వు రాలిన వారం లోపే కోసేయాలి, లేకపోతే పీచు పట్టిపోతుంది, తెలుసు నాకు. కానీ ఆ ముదిరిన కాయ ఎండి, ఐదు గీతల దగ్గర పగిలి, లోపల వరసగా గుండ్రటి గింజలు కనిపిస్తుంటే దాని ముందు లేత బెండకాయ ఏపాటి. "గట్లనే ఉంచినవేంది బిడ్డా, ముదిరిపోతది, తెంపరాదా" అంటారు ఆవిడ. ఒకటి బొమ్మకి, అదే తర్వాత విత్తనానికి, మిగతావి మీరు తెంపుకోండి అని ఒప్పందం చేసుకున్నాం. బొమ్మ కోసం వదిలేసిన కాయలే మరుసటి ఏడాదికి విత్తనాలు, కొనే పని తప్పింది.

ఇలా మొక్కని ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు గీయడం మనకేం కొత్త కాదు. మాది సామర్లకోట పక్క ఊరు. అక్కడ 1781 నుంచి పన్నెండేళ్ళ పాటు విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఉండేవాడు, మిరియాలు, నీలిమందు లాంటివి పెంచి చూడ్డానికి తోట వేశాడు, దాంతోపాటు మన ప్రాంతపు బొమ్మలవాళ్ళని జీతానికి పెట్టుకుని చుట్టుపక్కల మొక్కలన్నిటినీ గీయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాక కూడా ఆ పని కొనసాగించాడు, మొత్తం రెండున్నర వేల దాకా బొమ్మలయ్యాయి, వాటి సెట్ ఒకటి కలకత్తాలో, ఇంకోటి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఉంది. వాటిల్లోంచి ఏరిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కలు అని 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు అచ్చేశారు. పుస్తకం మీద పేరు రాక్స్‌బర్గ్‌ది. గీసినవాళ్ళ పేర్లు లేవు.

స్కాన్లు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఒకసారి చూడండి. మోదుగ ఉంది అందులో. కొమ్మ నిండుగా పేజీ అంతా పరుచుకుని ఉంటుంది, కింద పువ్వుని విప్పి రేకులు విడివిడిగా, కాయ, గింజ. పక్కన రాతలో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు ఆయన. నేను ఆ పద్ధతి ఎత్తుకొచ్చేశా, పేజీ మధ్యలో కొమ్మ, కింద వరసగా మొగ్గ, పువ్వు కోసి లోపల ఎలా ఉందో, కాయ, గింజ. మా అమ్మకి ఆ మోదుగ బొమ్మ చూపిస్తే కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూసి "ఎవరో మనవాళ్ళేనే, ఆకు మీద పురుగు కొట్టిన చిల్లు కూడా వదల్లేదు చూడు" అని మురిసిపోయింది. నాకు కనబడలేదు ఆ చిల్లు. ఆవిడ మాత్రం ఉందనే అంటుంది.

తోట, పెయింటింగ్ అనగానే అందరూ ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే పేరే చెప్తారు కాబట్టి ఆయన గురించి కూడా రెండు ముక్కలు. 1883లో జివెర్నీ అనే పల్లెలో ఇల్లు అద్దెకి తీసుకుని 1890లో కొనుక్కున్నాడు, 1893లో పక్క స్థలం కొని చెరువు తవ్వించి కలువలు వేశాడు, ఆఖరి ఏళ్ళన్నీ ఆ చెరువుని వేస్తూనే ఉన్నాడు. కళ్ళల్లో శుక్లాలు వచ్చి రంగులు ఎర్రగా మట్టిగా మారిపోయినా ఆపలేదు, 1923లో ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ కూర్చున్నాడు. గొప్పే, కాదనను, కానీ చెరువు శుభ్రం చేయడానికే విడిగా మనిషి ఉన్నాడు ఆయనకి, మనకి మోటారు వెయ్యడం మర్చిపోతే బకెట్లతో మోసుకోవడమే. రోజువారీ బతుకులో ఇమిడే సంగతి కావాలంటే నాకు మోనే కంటే మా అమ్మమ్మ తులసికోటే దగ్గర. ప్రతి శుక్రవారం దానికి జాజు పూసి, మీద సున్నంతో ముగ్గు. పొద్దున్నే కళ్ళాపి, వాకిట్లో ముగ్గు, ముగ్గు చుట్టూ బంతి రేకులు. బొమ్మ అనీ తోటపని అనీ ఆవిడ విడదీసి ఎప్పుడూ అనుకుని ఉండదు. తెలంగాణలో బతుకమ్మకి గునుగు పూలని రంగుల్లో ముంచి ఆరబెట్టడం చూసినప్పుడు కూడా నాకు అదే అనిపించింది, పువ్వుని చూసి బొమ్మ వెయ్యడం కాదు, పువ్వుకే రంగెయ్యడం.

మొక్కల్లోంచి రంగు తియ్యొచ్చు కదా అని అడుగుతారు. తియ్యొచ్చు, పిల్లలకి సెలవుల్లో భలే కాలక్షేపం. శంఖుపూలు వేడినీళ్ళలో వేస్తే నీలం, అందులో నిమ్మకాయ పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ, చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చలోకి తిరుగుతుంది. బచ్చలి పళ్ళు నలిపితే చిక్కటి ఊదా రంగు, మా చిన్నప్పుడు అదే సిరా. పసుపు సరే. మా అమ్మాయి వీటితో ఓ నెమలి వేసి గోడకి అంటించింది. కానీ నిలవదండీ, ఎండ తగిలే గోడైతే పసుపు ముందు పోతుంది, బచ్చలి ఊదా మట్టి రంగుకి తిరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళవి కూడా మొక్కల రంగులేగా, అవెలా నిలుస్తున్నాయి అంటే అక్కడ ఉత్త రసం పూసి వదిలెయ్యరు. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడతారు, పాలల్లోని కొవ్వు వల్ల రంగు చెదిరిపోదు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వారాల తరబడి పులియబెట్టిన ద్రావకం కలంతో గీస్తే, కరక్కాయలో వగరుతో ఇనుము కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక పూస్తారు, తర్వాత వేరు రంగులో ఉడికిస్తే పటిక ఉన్న చోటే పట్టుకుంటుంది. అంత కథ ఉంది దాని వెనక. మన శంఖుపువ్వు నీలానికి ఆయుష్షు తక్కువ, సరదాకి వేసుకోవాలి, ఫ్రేమ్ కట్టించకూడదు.

కుండీలకి పెయింటింగ్ వేయడం, వర్లీ డిజైన్లు గట్రా, అది నాకు పెద్దగా నచ్చదు, చూసేవాడి కన్నంతా కుండీ మీదే పోతుంది, మొక్క పాపం వెనక్కి పోతుంది. వేసుకునేవాళ్ళకి ఒక్కటే చెప్తా, మట్టికుండీ సన్నటి రంధ్రాల్లోంచి గాలి పీలుస్తుంది, తడి వదులుతుంది, దానికి ఎనామిల్ వేస్తే మూసుకుపోయి లోపల తడి ఎక్కువసేపు ఉంటుంది, నీళ్ళు తగ్గించుకోవాలి. బయటవైపు మాత్రమే వేసుకోండి, లోపల వద్దు. సిమెంటు కుండీకైతే ఈ గొడవ తక్కువ.

ఇంకో జాగ్రత్త, బ్రష్ కడిగిన నీళ్ళు మొక్కలకే కదా అని కూరగాయల కుండీలో పొయ్యకండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్, రాగి ఉంటాయి, పాలకూర తోటకూరల్లోకి అవి ఎందుకు మనకి. నేను ముందు పాత బనీను గుడ్డకి రంగంతా తుడిచేసి, ఆ తర్వాతే కడుగుతా. ఇంకా నీళ్ళ మగ్గులు రెండూ వేరే రంగువి పెట్టుకోండి, మా ఆయన ఒకసారి నా పెయింటు నీళ్ళు తీసుకెళ్ళి శ్రద్ధగా తులసికి పోసొచ్చారు. తులసికేం కాలేదు లెండి, ఆయనకే కాస్త గట్టిగా పడింది.

ఈసారి చలికాలానికి కేవలం బొమ్మల కోసమే కొన్ని వేస్తున్నా, ఎర్ర ముల్లంగి, ధనియాలు కొత్తిమీర కోసం కాకుండా పూత దాకా వదిలెయ్యడానికి, ఓ కుండీలో ఆవాలు. చామంతి నారు కడియం నుంచి వచ్చే నర్సరీ బండి దగ్గర తీసుకోవాలి. బచ్చలి తీగ ముక్కలు నా దగ్గర బోలెడున్నాయి, కాడ ఎర్రగా ఉండే రకం, నిజాంపేట వైపు ఉండేవాళ్ళు ఎవరైనా ఆదివారం పొద్దున వచ్చి పట్టుకెళ్ళొచ్చు, ఎనిమిది లోపు వస్తే మిద్దె మీదే ఉంటా.